శిక్షణ అకాడమీలో నేర్పేవాళ్లెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఒక పెద్ద ఫ్యాక్టరీ సొంత శిక్షణ అకాడమీ ప్రారంభించిందంటూ పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. రిబ్బన్ ఎవరు కత్తిరించారో, వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో అంతా రాశారు. ఏసీ హాళ్లు, ప్రొజెక్టర్లు, స్మార్ట్ బోర్డుల గురించీ రాశారు. అక్కడ నేర్పేదెవరు, చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి యంత్రాలేమున్నాయి అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

నేను మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. పంపునీ మోటారునీ కలిపే కప్లింగ్ అలైన్‌మెంట్, అంటే రెండింటి ఇరుసులూ ఒకే వరుసలోకి తేవడం, ఒక్కటే తీసుకోండి. స్లైడు మీద ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. అదే చేతికి రావాలంటే కుర్రాడు తానే, సన్నటి కదలికను కూడా ముల్లుతో చూపించే డయల్ గేజ్ బిగించాలి. మోటారు కాళ్ల బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తూ, ఏ కాలు పైకి లేస్తోందో ముల్లు కదలికను బట్టి కనిపెట్టాలి. దాని కింద సరిపడా షిమ్ (పల్చటి రేకు) వేసి, బిగించి, మళ్లీ చూసుకోవాలి. తప్పు చేస్తే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. నడుస్తున్న ప్లాంటులో ఆ అవకాశం ఎక్కడుంటుంది? బ్రేక్‌డౌన్ అయిందంటే లైన్ ఎప్పుడు స్టార్టవుతుందని ఫోన్ మీద ఫోన్. ఆ టెన్షన్‌లో కొత్తవాడి చేతికి స్పానర్ ఎవరూ ఇవ్వరు. అకాడమీ కావాల్సిందే అందుకు. పాత పంపులు, గేర్‌బాక్సులు, వాల్వులు తెచ్చి పెట్టండి, పిల్లల్ని విప్పి బిగించుకోనివ్వండి.

ఇక నేర్పేవాళ్ల సంగతి. మంచి ఫిట్టర్‌ని అడిగితే ప్రొడక్షన్ మేనేజర్ వదలడు. ఫ్యాక్టరీలో ఎవరికీ అక్కర్లేని మనిషిని ట్రెయినింగ్‌కి తోస్తారు, లేదా బయటి ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చేస్తారు. నేను పనిచేసిన చోటా ఇదే తంతు. పని బాగా వచ్చినంత మాత్రాన చెప్పడం రాదు కాబట్టి, నేర్పేవాళ్లకీ ముందు నేర్పాలి. అమెరికాలో 1940లో మొదలైన 'ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ' చేసింది అదే. మనిషిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, వాడి చేత చేయించు, తర్వాత వెళ్లి చూస్తూ ఉండు: ఈ నాలుగు మెట్లనూ సూపర్‌వైజర్లకు నేర్పారు. పనివాడికి రాలేదంటే నేర్పినవాడు సరిగ్గా నేర్పనట్టేనన్నది వాళ్ల సూత్రం. 1945లో ఆ కార్యక్రమం ముగిసేసరికి 16 లక్షల మందికి పైగా అందులో సర్టిఫికెట్లు పొందారు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో వాళ్లకు తీరిక దొరికింది, మనకు షిఫ్టులో రెండు గంటలు దొరకవు!

శిక్షణకు కోత పెడితే ఏమవుతుందో తెలియనిది కాదు. 2005లో అమెరికాలోని టెక్సస్ సిటీ చమురు రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు. యూనిట్ స్టార్టప్‌లో టవర్‌లోకి మట్టానికి మించి ద్రవం నింపేశారు. ఆపరేటర్ల శిక్షణ చాలకపోవడం, శిక్షణ బడ్జెట్‌నీ సిబ్బందినీ తగ్గించేయడం కూడా కారణాలేనని విచారణ నివేదిక తేల్చింది.

మన తనిఖీ అధికారులకు రిజిస్టర్లో సంతకాలుంటే చాలు. సంతకం పెట్టిన కుర్రాణ్ణి పిలిచి 'ఈ వాల్వు మీద పని చేయాలంటే ముందు కరెంటు, ప్రెజర్ ఎలా ఆపి తాళం వేస్తావో చూపించు' అని ఒక్కరైనా అడుగుతారా? క్లాసు ఎలా ఉందని ఫారం నింపించుకుంటే సరిపోదు. కొన్ని నెలల తర్వాత ఆ మనిషి పనిచేసే చోటికి వెళ్లి చూడాలి. 1959లోనే కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ శిక్షణ ఫలితాన్ని నాలుగు స్థాయిల్లో కొలవాలన్నాడు. మనవాళ్లు మొదటి స్థాయి, అంటే క్లాసు నచ్చిందా లేదా అన్నది దాటి రావడం లేదు. అప్రెంటిస్ పేరుతో చేర్చుకుని ప్యాకింగ్ లైన్లో నిలబెట్టడం మరీ అన్యాయం. పని నేర్చుకుందామని వచ్చిన పిల్లలు వాళ్లు.

మీ విలేకరిని ఆ అకాడమీకి మళ్లీ పంపండి. శిక్షకుల్లో షాప్‌ఫ్లోర్ నుంచి, అంటే యంత్రాల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లెందరు, శిక్షణ గంటలను డ్యూటీగా లెక్కేస్తున్నారా, షిఫ్టులో మనిషి తక్కువైతే ట్రెయినీని వెనక్కి లాక్కుంటున్నారా అని అడిగి, వచ్చిన జవాబులు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఫోర్‌మన్