చెరువు చిత్రం ఊరికి చేరాలి

సంపాదకులు గారికి,

అనంతపురం జిల్లాలో ఏళ్ల తరబడి నిండని చెరువులు చాలా ఉన్నాయి. నీళ్లు వెనక్కి పోయినకొద్దీ దుక్కి ముందుకు జరుగుతుంది. ఎప్పుడో ఒక ఏడు మంచి వానలు కురిసి మరవ పారే నాటికి, నీళ్లు పూర్వం ఎక్కడిదాకా నిలిచేవో చెప్పగల పెద్దలు ఊళ్లో మిగలరు, మిగిలినా వారి మాటను ఎదుటి పక్షం ఒప్పుకోదు. మా ఊళ్లో జరిగింది ఇదే. పాత నీటి విస్తీర్ణం చూపే పటం కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడు నెలలు తిరిగి విసిగిపోయాను. ఆ తరువాత మా మనవడు ఇంట్లోనే కూర్చుని, పైసా ఖర్చు లేకుండా, ముప్పై ఏళ్ల కిందటి ఉపగ్రహ చిత్రం తీసి చూపించాడు.

అది అమెరికా వారి ల్యాండ్‌శాట్ చిత్రం. 1972 నుంచి తీస్తూ వచ్చిన ఆ చిత్రాలను వారు 2008లో అందరికీ ఉచితం చేశారు. మన దేశమూ 1988లో ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహంతో ఈ పని మొదలుపెట్టింది, 2009లో ఈ చిత్రాలు చూపే భువన్ పోర్టల్ తెరిచింది, ఒక్కొక్క గడి (చిత్రంలోని చుక్క) నేల మీద అయిదు మీటర్లు, అంతకంటె పెద్దదిగా ఉండే ఇస్రో చిత్రాలను ఎవరికైనా ఉచితంగా ఇవ్వాలని 2023 నాటి అంతరిక్ష విధానంలో రాసుకుంది. వాటిని అందుకునే కేంద్రం మనం హైదరాబాదు పోయే దారిలో, షాద్‌నగర్‌లోనే ఉంది.

కాబట్టి చిత్రాలు దాచిపెట్టారని నేను అనను. వాటి మీద సర్వే నంబర్లు లేవు, పంట ఎర్రగా, నీరు నల్లగా ఎందుకు కనబడుతుందో రైతుకు తెలుగులో చెప్పేవారు లేరు. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కొక్క గడి ముప్పై మీటర్ల చదరం, అంటే సుమారు ఇరవై రెండు సెంట్లు. ఐరోపా వారి సెంటినెల్-2లో పది మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. నీటి అంచు చూసుకోవడానికి ఇది చాలు గాని, చెరువులోకి దిగే వంకను పూడ్చారా లేదా అన్నది తేల్చడానికి చాలదు. దానికి మన రిసోర్స్‌శాట్ 5.8 మీటర్ల చిత్రం కొంత నయం. మబ్బు పడితే ఇవేవీ పనికిరావు. మా జిల్లాకు ఆ బెడద తక్కువే లెండి.

చిత్రం చూపినంత మాత్రాన ఆక్రమణ రుజువైపోదు, హద్దు తేల్చవలసింది సర్వేయరే. అయితే ఆయన వచ్చే నాటికి ఇరుపక్షాల ముందూ ఒకే చిత్రం ఉండడం వేరు. మా చిత్రాన్ని అచ్చు తీయించి కట్ట దగ్గర పెడితే, నెల తిరగకముందే పక్క రెండు ఊళ్ల వారు తమ చెరువు బొమ్మ కావాలని వచ్చారు. ఒక్క మనవడు ఎన్ని ఊళ్లకు తీయగలడు?

ప్రతి చెరువుకూ బాగా నిండిన పాత సంవత్సరపు చిత్రం ఒకటి, ఏటా వానలు వెనకపట్టాక తీసిన చిత్రం ఒకటి, సర్వే గీతలతో, తెలుగు పేర్లతో పంచాయతీ కార్యాలయంలో పెట్టించవలసిందిగా జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా