మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి ఏడాది సర్వసభ్య సమావేశంలో నేను నివేదిక చదువుతుంటే వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "శిబిరాలు ఎన్ని పెట్టారో సరే, ఎవరికి కిడ్నీ జబ్బు ఉందో ఎవరికి లేదో తేలిందా?" అని అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈసారి నివేదిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే రాశాను. అందుకని జెండా పండుగ, వినాయక చవితి పందిరి, బడిపిల్లలకు నోటు పుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్తున్నాను. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

ముందు మన తప్పు చెప్పుకోవాలి. నిజానికి అది నా తప్పు. వేసవిలో రామాలయం ముందు పెట్టిన రక్తపరీక్షల శిబిరంలో, ఫలితాలు వచ్చాక పేర్లు పిలిచి చీటీలు ఇచ్చే పని నాకు అప్పగించారు. జనం ఎక్కువ, గోల ఎక్కువ. మైకు అందుకుని, పేరుతో పాటు క్రియాటినిన్ అంకె కూడా చదివేశాను. క్రియాటినిన్ అంటే కిడ్నీ వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం; రక్తంలో అది పెరిగితే కిడ్నీ మీద అనుమానం వస్తుంది. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే ఒక కుర్రవాడికి 1.5 వచ్చింది. వారం తిరగకుండానే అతని చెల్లెలికి కుదిరిన సంబంధం వారు 'కొంచెం ఆలోచించుకుంటాం' అని కబురు పెట్టారు. కిడ్నీ జబ్బు ఇంత ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఆ మాటకు అర్థం ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మూడు నెలల తర్వాత అతనికి మళ్లీ పరీక్ష చేయిస్తే 1.1 వచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి తెలిసింది. శిబిరం రోజున తెల్లవారుజాము నుంచి చెట్లెక్కి, దిగి, నీళ్లు సరిగా తాగకుండా ఎండలోంచి నేరుగా వచ్చి రక్తం ఇచ్చాడు. ముందు రాత్రి ఇంట్లో మేకమాంసం. ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లు విరిగేలా పని చేసినా, మాంసం తిన్నా ఆ అంకె కొంత పెరగవచ్చు. సంబంధం మాత్రం తిరిగి రాలేదు. అధ్యక్షులూ నేనూ ఆ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆ తల్లి మజ్జిగ ఇచ్చింది, మాట మాత్రం మాట్లాడలేదు.

ఆ తర్వాతి కార్యవర్గ సమావేశంలో రెండు తీర్మానాలు చేశాం. ఒకటి, ఎవరి ఫలితం వారి చేతికే, లేదా వారు చెప్పిన మనిషి చేతికే ఇవ్వాలి. రెండు, ఒక్క పరీక్షతో ఎవరినీ కిడ్నీ రోగి అనకూడదు. ఈ రెండోది మన దయాగుణం వల్ల పెట్టుకున్న నియమమని కొందరు అనుకుంటున్నారు. వైద్యం చెప్పేదే అది. కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు గానీ, దాని వడపోత తగ్గడం గానీ కనీసం మూడు నెలలు నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. అంతకు ముందు వచ్చిన అంకె మళ్లీ చూడమని చెప్పే హెచ్చరిక, అంతవరకే.

ఇక ఆ అంకె గురించి. మన ఊళ్లలో "నీకు ఎన్ని పాయింట్లు?" అని అడగడం అలవాటైపోయింది. క్రియాటినిన్ 1.2 ఉంటే 'ఫరవాలేదు' అని ఊరుకుంటున్నాం. డాక్టర్లు వాడే లెక్క ప్రకారం చూస్తే 30 ఏళ్ల మగవాడికి 1.2 ఉంటే కిడ్నీ వడపోత (నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని కొలుస్తారు) 83 దగ్గర వస్తుంది. 65 ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 ఉంటే 50 దగ్గరే ఆగిపోతుంది. 60 కన్నా తగ్గి మూడు నెలలు అలాగే ఉంటే జబ్బు కింద లెక్క. 15 కన్నా తగ్గితే చివరి దశ. అంటే ఇంట్లో కొడుకుకీ తల్లికీ ఒకే అంకె వచ్చినా, కొడుక్కి సరిపోయిన ధైర్యం తల్లికి సరిపోదు. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది కాబట్టి, బాగా బక్కచిక్కిన మనిషికి అది తక్కువగా కనిపించి మభ్యపెట్టవచ్చు కూడా. చీటీ మీద ఈ వడపోత అంకె చూపే ఈజీఎఫ్‌ఆర్ అన్న వరుస ఉందేమో చూడండి, లేకపోతే అడగండి.

మూత్ర పరీక్ష సంగతీ ఇలాంటిదే. షుగరు, బీపీ వల్ల కిడ్నీ పాడైతే సాధారణంగా మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ఇక్కడి జబ్బులో చాలామందికి షుగరు ఉండదు, బీపీ మొదట్లో మామూలుగానే ఉంటుంది, ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. కాబట్టి మూత్రం బాగుందన్న ఒక్క మాట పట్టుకుని రక్తపరీక్ష మానెయ్యకండి. కాళ్లవాపు, ఆయాసం వచ్చేవరకు ఆగితే అప్పటికే చాలా భాగం పోయి ఉంటుంది.

2019లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉద్దానంలో పరీక్షించిన పెద్దల్లో దాదాపు 18 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అందులో ఎక్కువమందికి తెలిసిన కారణం ఏదీ దొరకలేదు. ఎల్ సాల్వడోర్, నికరాగువా చెరకు తోటల్లోనూ, శ్రీలంకలో అనురాధపురం వైపు వరి పొలాల్లోనూ ఇలాంటిదే ఉంది. ఎండలో కష్టం, నీరు చాలకపోవడం, భూగర్భజలంలో సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం: ఇలా అన్నిటి మీదా అనుమానాలు ఉన్నాయి, ఏ ఒక్కటీ రుజువు కాలేదు. మన బజారులో మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా రుజువైన కారణం ఒకటి సిద్ధంగా ఉంటుంది. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీరు తెచ్చే పథకమూ వచ్చింది. నీరు మారితే జబ్బు తగ్గుతుందా లేదా అన్నది ఏళ్ల తరబడి లెక్కలు రాస్తేనే తెలుస్తుంది. ఆ లెక్కలు రాసేవారికి మనం సాయపడాలి, కాని కళ్లు మూసుకుని కాదు.

అలా అనడానికి కారణం ఉంది. వెనకటి సంవత్సరాల్లో వచ్చి రక్తం తీసుకెళ్లిన కొందరు మళ్లీ ఇటు చూడలేదు. ఈసారి వర్షాకాలంలో ఒక పరిశోధన బృందం వచ్చినప్పుడు, ఫలితాలు తెచ్చి ఎవరిది వారికి ఇచ్చి వివరిస్తామంటేనే ఊళ్లో కుర్చీలు వేస్తామని చెప్పాం. ఒప్పుకున్నారు. వారి అంగీకార పత్రం తెలుగులోనే ఉంది గాని, 'సదరు అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు' వంటి వాక్యాలతో రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజులా ఉంది. గట్టిగా చదివి వినిపించమన్నాం. రెండో పేజీలోనే ఒక తాత, "వేలిముద్ర వేస్తే మందు ఇస్తారా అమ్మా?" అని అడిగాడు. బృందంలోని అమ్మాయి తడుముకోకుండా, "లేదు తాతా, ఇది కారణం వెతకడానికే. మందు ఇవ్వం" అంది. కొందరు లేచి వెళ్లిపోయారు. ఆమె నిజం చెప్పినందుకే వారిలో సగం మంది సాయంత్రానికి తిరిగి వచ్చారని నా అభిప్రాయం. కాదు, చెల్లించిన కూలి డబ్బుల కోసమే వచ్చారని మా ఉపాధ్యక్షుల వాదన. రెండూ ఉండవచ్చు.

చదువు రానివారు వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నా ఆసుపత్రిలో వైద్యం ఆగదు. బడి నుంచి పదవీ విరమణ చేసిన మాస్టారు రోజంతా సాక్షిగా కూర్చున్నారు. ఫలితాలు చెప్పిన గడువు దాటాకే అయినా, వచ్చాయి.

ఈ ఏడాది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది మన ఎర్ర అట్ట పుస్తకం. దాని పుట్టుక ఇది. సోంపేట వెళ్లి పరీక్ష చేయించుకున్న ఒక అవ్వ, రేషను కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవరులో దాచిన చీటీ తెచ్చి చూపించింది. బస్సు టికెట్టులా వేడికి అచ్చయ్యే కాగితం అది. పెంకుటింటి వేడికి అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్లగా ఉంది. అటూ ఇటూ తిప్పి, "ఇందులో అంకెలే లేవు కదా బాబూ, జబ్బు పోయినట్టేనా?" అని అడిగింది. నవ్వు రాలేదు. అంతకుముందు కాగితాలేమయ్యాయంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పెంకులు ఎగిరినప్పుడు తడిసి ముద్దయ్యాయట. ఆమెకు క్రియాటినిన్ ఎప్పటి నుంచి పెరుగుతోందో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. విశాఖ వెళ్లినా, బరంపురం వెళ్లినా డాక్టరు మొదట అడిగేది అదే: పాత రిపోర్టులు ఉన్నాయా?

అప్పటి నుంచి పుస్తకంలో మనిషికొక పేజీ పెట్టాం. తేదీ, క్రియాటినిన్, ఏ ల్యాబు, బీపీ, వాడుతున్న మాత్రలు. ల్యాబు పేరు ఎందుకంటే, పరీక్షించే పద్ధతిని బట్టి అంకెలో కొద్దిపాటి తేడా వస్తుంది. వీలైనంతవరకు ఒకే చోట చేయించుకుంటే పోల్చడం సులభం. పుస్తకం బీరువాలో ఉంటుంది. ఎవరి పేజీ వారికే చూపిస్తాం. ఫొటోలు తీసుకుంటామని అడిగినవారికి, ఒక్కొక్క పేజీకి ఆ మనిషి అనుమతి తెచ్చుకోమని చెప్పాం.

అవగాహన సమావేశాలు జీడిపప్పు ఒలిచే షెడ్ల దగ్గర రెండు, రామాలయం అరుగు మీద కొన్ని పెట్టాం. 2025 మార్చి 13న, అంటే ప్రపంచ కిడ్నీ దినం నాడు, అందరినీ ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ తెమ్మన్నాం. చాప మీద పోస్తే గుట్ట అయింది. వాటిలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలు ఎక్కువ. ఒళ్లు నొప్పులకు రోజూ ఒకటి వేసుకుని పనికి వెళ్లేవారు అవి కిడ్నీకి చేటని మొదటిసారి విన్నామన్నారు.

చిక్కంతా నీళ్ల దగ్గర వచ్చింది. పొలం పని చేసేవారికి 'బాగా తాగండి' అని చెబుతున్నాం. డయాలిసిస్ చేయించుకునేవారికి డాక్టరు 'కొలిచి తాగండి' అంటున్నారు. రెండూ ఒకే వేదిక మీద చెప్పడంతో జనం తికమకపడ్డారు. ఇకపై ఈ రెండు సమావేశాలూ వేరువేరుగా జరుగుతాయి. అన్నిటికన్నా కష్టమైన మాట కొబ్బరిబొండం. పరామర్శకు వెళ్తే బొండం కొట్టి ఇవ్వడం మన మర్యాద. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పూర్తిగా పాడైనవారి ఒంట్లో అది పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. పనసతొనలదీ అదే సంగతి. ఈ జబ్బే ఉన్న, మూడెకరాల కొబ్బరితోట గల సభ్యుడొకరు, "నా చెట్టు నీళ్లు నేనే తాగకూడదా?" అని అడిగి, తానే లేచి వెళ్లి ఇంట్లోవాళ్లకు ఆ మాట చెప్పి వచ్చాడు. ఇప్పుడు ఆయన్ని చూడటానికి వెళ్లేవాళ్లు ఒట్టి చేతులతోనే వెళ్తున్నారు.

పింఛను దరఖాస్తులు రాసిపెట్టడం, ఆసుపత్రికి వెళ్లే రోజు ఆటో మాట్లాడటం కొనసాగుతున్నాయి. ఆటో ఖర్చుకు చందాలు చాలడం లేదు. దీని మీద ఈ రోజే నిర్ణయం తీసుకోవాలి.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు: రెండో పరీక్ష చేయించుకున్నవారి విషయం తేలింది. మూడు నెలలు దాటినా వెళ్లనివారు పుస్తకంలో పదకొండు మంది ఉన్నారు. వారి పేర్లు ఇక్కడ చదవడం లేదు. సోమవారం నుంచి ఒక్కొక్కరి ఇంటికీ నేనే వస్తాను.

కార్యదర్శి