నాన్న కోసం వచ్చినవాళ్లందరికీ

నాన్న పోయిన రోజుల్లో ఫోన్ చేసినవాళ్లకి, ఇంటికి వచ్చినవాళ్లకి సరిగ్గా బదులు కూడా చెప్పలేకపోయాం. ఇప్పుడు కాస్త తేరుకున్నాం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా రక్తం ఇచ్చినవాళ్లకి. అర్జెంటుగా ప్లేట్‌లెట్స్ కావాలని డాక్టర్లు అనగానే అన్నయ్య నేవీ మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. తెల్లారేసరికి బ్లడ్ బ్యాంకు దగ్గర మేం ఎన్నడూ చూడని కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్‌లో పేర్లు కూడా అడగలేదు బాబూ. మీ వల్లే నాన్న మళ్లీ కళ్లు తెరిచి మనవరాలితో మాట్లాడారు.

నాన్న ఇంజన్ రూమ్ మనిషి. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ విక్రాంత్‌లో పనిచేశారు. అప్పటికే ఆ ఓడ బాయిలర్లలో ఒకదానికి పగులు ఉంది. వేగం తగ్గించుకునే బంగాళాఖాతంలో నిలిచింది. డిసెంబరు 4న దాని మీంచి లేచిన సీ హాక్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నాన్న మాత్రం కింద ఆ వేడిలో మిగతా బాయిలర్లను కనిపెట్టుకుని ఉన్నవాళ్ల గురించే చెప్పేవారు. ఆ హోరుకి చెవులు దెబ్బతిన్నాయి, అందుకే మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు. మన మాట సగమే వినబడే ఆ మనిషి, మోటారుకి స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని "బేరింగు పోయింది" అనేవారు. విప్పి చూస్తే అదే! మా వీధిలో ఆయన చెయ్యి పడని మోటారు లేదు.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉన్నది తక్కువ. అక్క పుట్టినప్పుడు కూడా సముద్రం మీదే ఉన్నారట. రిటైరయ్యాక మా పిల్లల్ని మాత్రం ఒక్క పూట వదల్లేదు. వాళ్ల యూనిఫాం ఇస్త్రీ, బూట్ల పాలిష్ అన్నీ ఆయనే. అమ్మకి పొద్దున్న కాఫీ కూడా.

చనిపోయిన తోటి నావికుల భార్యలకి ఫ్యామిలీ పెన్షన్ పని నాన్నే దగ్గరుండి చూసేవారు. పీపీవోలో (పెన్షన్ మంజూరు పత్రంలో) పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఆ పెద్దావిడల్ని తన స్కూటర్ మీదే ఆఫీసుకి తీసుకెళ్లేవారు. అదే పని ఇప్పుడు అమ్మకి ఆయన షిప్‌మేట్ బాబాయ్ చేసిపెట్టారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, డెత్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి జాయింట్ ఫొటో దాకా అన్నీ సర్ది, "మీ ఆయన నాకు నేర్పిన పనేనమ్మా ఇది" అన్నారు. అమ్మ అప్పుడే మొదటిసారి గట్టిగా ఏడ్చింది. బాబాయ్, మీ రుణం మేం తీర్చుకోలేం.

ఆఖరి రోజున మెడల్స్ పెట్టుకుని వచ్చి వరసగా నిలబడి సెల్యూట్ చేసిన పెద్దలకి, రెండు పూటలా మా అందరికీ అన్నం పంపిన పక్కింటి అత్తయ్యగారికి, రాత్రంతా అన్నయ్య పక్కన కూర్చున్న స్నేహితులకి చేతులెత్తి నమస్కారం.

ఒక్క విన్నపం. నాన్న నేవీ ఫొటోలు 2014 హుద్‌హుద్ తుఫానులో తడిసి పాడైపోయాయి. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ల దగ్గర ఏ గ్రూప్ ఫొటో ఉన్నా, మసకగా ఉన్నా సరే, దయచేసి పంపండి. అమ్మ చూస్తానంటోంది.