శివరాత్రి లోపు మండపం గోడల చుట్టూ కాంక్రీటు బెల్ట్ వేయాలి: దాతలకు ఆలయ కమిటీ విజ్ఞప్తి

ఓం నమః శివాయ.

ఊరి పెద్దలకు, ఆడబిడ్డలకు, హైదరాబాద్‌లో, పై దేశాల్లో స్థిరపడిన మన పిల్లలకు నమస్కారాలు.

2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నర వేళ ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం మీకు గుర్తుండే ఉంటుంది. రిక్టర్ స్కేలు మీద 5.3. ఇక్కడ నల్లగొండ జిల్లాలో మన శివాలయంలో వేలాడే దీపం అటూఇటూ ఊగింది. ముఖమండపం గోడ నెర్రెబారింది. ఎక్కడో ములుగులో వస్తే మనకెందుకు టెన్షన్ అని కొందరు ఇప్పటికీ అడుగుతున్నారు. భూకంపానికి అంకె ఒక్కటే, ఊపు మాత్రం ఒక్కో ఊరికి ఒక్కో తీరు. దూరం, లోతు, కింద నేల, పైన కట్టడం అన్నీ లెక్కకొస్తాయి. ఆనాటిది దాదాపు 40 కిలోమీటర్ల లోతున పుట్టింది కాబట్టి పెద్ద నష్టం చేయకుండానే చాలా దూరం తెలిసింది. మన దక్కన్ రాయి పాతది, గట్టిది. కదలిక అందులో తొందరగా అణగదు. 2020 జనవరిలో పులిచింతల దగ్గర చింతలపాలెం, మేళ్లచెరువు వైపు భూమి పదేపదే కదిలిన సంగతీ మనకు తెలుసు.

1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని లాతూర్‌లో వచ్చిన భూకంపం 6.2. అంకె ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. కానీ అక్కడ వేలమంది ప్రాణాలు తీసింది ఆ అంకె ఒక్కటే కాదు. మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటిమీద బరువైన కప్పులు. మన మండపం గోడలు ఎట్లా కట్టారో పెద్దలకు చెప్పాలా? బండరాళ్లు, బంకమట్టి. వాటిమీద తర్వాత వేసిన స్లాబు.

అదే ములుగు జిల్లాలో రామప్ప గుడి ఉంది. కాకతీయుల శిల్పులు పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గితే నేల కదిలినప్పుడు గోడల మీద పడే తోపు తగ్గుతుంది. ఎనిమిది వందల ఏళ్ల కింద వాళ్లకున్న జాగ్రత్త స్వామివారి విషయంలో మనకూ ఉండాలి.

నెర్రె మీద మేస్త్రీ ఒక సన్నటి గాజుపలక అడ్డంగా అతికించాడు. నెర్రె ఆగిపోతే పలక అట్లాగే ఉండాలి. వానాకాలం పోయేసరికి అది నడుమకు విరిగింది. శివరాత్రి జాగరణకు ఊరంతా పిల్లాపాపలతో ఆ గోడ పక్కనే కూర్చుంటుంది.

అందుకే బెల్ట్. తలుపుల పైన, నాలుగు గోడల చుట్టూ తెగకుండా ఇనుము కట్టి కాంక్రీటు పోస్తే, ఊపు వచ్చినప్పుడు గోడలు దేనికది విడిపోకుండా కలిసి నిలబడతాయి. మూలల్లో కడ్డీలు వంచి ముడివేయాలి, అక్కడ లోభిస్తే బెల్ట్ వేసి లాభం లేదు. గోడ మందమంతా పట్టే బంధనపు రాళ్లు కూడా పెట్టించాలి. గర్భగుడిని ముట్టుకోవడం లేదు. అన్నదానం షెడ్డు, బాత్రూములు, గోపురం రంగులు కూడా తీర్మానంలో ఉన్నాయి, అవి తర్వాత చూసుకోవచ్చు.

ఖర్చు 7 లక్షల పైచిలుకు. చేతికొచ్చింది సగం కూడా లేదు. లెక్కల పుస్తకం గుడిలోనే ఉంది, ఎవరైనా చూడవచ్చు. కాంక్రీటు పూర్తి బలం పట్టడానికి 28 రోజులు పడుతుంది. సంక్రాంతి నాటికి పోత అయిపోకపోతే శివరాత్రికి అందదు.

ధ్వజస్తంభం నిలబెట్టినప్పుడు కరువులో కూడా ఇంటింటికీ వడ్లు కొలిచి ఇచ్చిన ఊరు మనది. కూలికి పోయే అక్కలు ఒకరోజు కూలి తెచ్చి హుండీలో వేశారు. ఇప్పుడు నెర్రె ఫొటో గ్రూపులో పెడితే అందరూ దండం పెట్టారు, విరాళం రాసింది కొద్దిమందే. ఈ మాట అనడానికి మనసొప్పడం లేదు, కానీ వేరే దారి లేదు. మీ అమ్మానాన్నల పెళ్లి జరిగింది ఆ మండపంలోనే.

డబ్బు ఇవ్వలేనివారు సిమెంటు, ఇసుక, ఇనుము ఇవ్వండి. ఏదీ కుదరకపోతే పోత రోజు తట్ట మోయడానికి రండి. ప్రతి సోమవారం సాయంత్రం హారతి తర్వాత రసీదు పుస్తకంతో మండపం బయట వేపచెట్టు కింద ఉంటాం.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ సభ్యులు