ఎర్రటి బొగ్గుల్ని హాల్లోకి తెమ్మనకండి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో వాడుకునే బొగ్గుల స్మోకర్ గ్రిల్ (మాంసాన్ని పొగబెట్టి నెమ్మదిగా వండే పొయ్యి) గురించి పేజీ నిండా వేశారు. ఉత్సాహంగా రాశారు, చదివితే నోరూరింది. కానీ అందులో ఒక వాక్యానికి సవరణ వేయాలి, అందుకే ఈ ఉత్తరం. "వాన పడితే గ్రిల్‌ని హాల్లోకి తెచ్చుకోండి, బొగ్గులు ఎర్రబడ్డాక పొగ రాదు కాబట్టి ఇబ్బంది ఉండదు" అని ఉంది. పొగ రాకపోవడమే ఇక్కడ అసలు ఇబ్బంది.

పచ్చి కట్టె మండితే కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, తిట్టుకుంటూ తలుపులు తీస్తాం. కణకణలాడే బొగ్గులు ఆ హెచ్చరిక ఇవ్వవు. వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కాస్త వికారం, తర్వాత మగత. వంట చేసి అలిసిపోయాం అనుకుని పడుకుంటారు. చలికాలంలో ఢిల్లీ వైపు గదిలో అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు మీ పేపర్లోనే చదివాను. అంగీఠీలోదీ గ్రిల్‌లోదీ ఒకటే బొగ్గు. అమెరికాలో అమ్మే బొగ్గుల సంచీల మీద ఇల్లు, గుడారం, కారు బొమ్మలు వేసి కొట్టేసి ఉంటాయి. లోపల కాలిస్తే ప్రాణం పోతుందని పక్కనే రాసి ఉంటుంది. అలా వేయాలన్నది అక్కడ రూలు. ఫ్యాన్ వేశాం, కిటికీ తీశాం అంటే సరిపోదు.

గ్రిల్ అంటే పడని ముసలాయన ఎవరో రాస్తున్నాడు అనుకోకండి. నేను ఐటీఐలో వెల్డింగ్ నేర్పి రిటైరయ్యాను, మా పెరట్లో స్మోకర్ ఉంది. టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంటి వెనక గుండ్రటి కెటిల్ గ్రిల్ చూశాక ఈ పిచ్చి పట్టుకుంది. 1952లో చికాగోలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పని కంపెనీలో ఉద్యోగం చేసే జార్జ్ స్టీఫెన్, నీళ్లలో తేలే బోయాల కోసం చేసే ఉక్కు గోళంలో సగం తీసుకుని, కాళ్లు అతికించి, మూత పెట్టి తయారుచేసిన వస్తువది. మన వృత్తివాడి బుర్రే కదా అని ముచ్చటేసింది. అల్లుడుగారు ఆస్టిన్ దగ్గర లాక్‌హార్ట్ అనే ఊరికి కూడా తీసుకెళ్లారు. జర్మనీ నుంచీ చెక్ ప్రాంతాల నుంచీ వలస వచ్చినవాళ్లు పెట్టుకున్న మాంసం కొట్లలోంచే ఆ చుట్టుపక్కల పొగబెట్టి వండే పద్ధతి పెరిగింది. అక్కడ పేరున్న బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం, మేం తినం, టర్కీ పెట్టించుకున్నాం. వాళ్లంతా తిండి చూస్తుంటే నేను ఇటుకల పొయ్యిల్లో గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూశాను.

ఒంగోలు వచ్చాక 200 లీటర్ల డ్రమ్ముతో సొంతంగా చేసుకున్నాను. మీ వ్యాసంలో "పాత డ్రమ్ము ఉంటే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చాలదండీ. పెట్రోలు, థిన్నర్, పురుగుమందులు నిలవచేసిన డ్రమ్ము జోలికి అసలు పోకూడదు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, గ్రైండర్ పెట్టగానే పేలిపోవచ్చు. వంటనూనె డ్రమ్ము తెచ్చుకోవాలి, కోసే ముందు శుభ్రంగా కడగాలి. లోపలి పూత మొత్తం పోయి ఇనుము బయటపడేదాకా కట్టెల మంట వేసి కాల్చాలి, వంట ఆ తర్వాతే. బొగ్గులు పోసే బుట్టకి జింకు పూత ఉన్న జాలీ వాడొద్దు. జింకు పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లకి ఈ సంగతి మొదట్లోనే చెప్పేవాణ్ణి.

ఇక వాడకం. స్మోకర్‌లో వేడిని నడిపేది గాలి. అడుగున రంధ్రాలు, మూతకి ఒక రంధ్రం ఉంటాయి. పైది తెరిచి ఉంచి, అడుగువాటిని కొద్దికొద్దిగా మూస్తూ తెరుస్తూ లోపలి వేడిని 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబెట్టాలి. ఎలా ఉందో చూద్దామని మాటిమాటికీ మూత తీస్తే ఆ వేడంతా పోతుంది. "పొగ ఎంత దట్టంగా ఉంటే అంత రుచి" అని రాశారు, ఇదీ తప్పే. తెల్లగా సుళ్లు తిరిగే పొగ వస్తోందంటే కట్టె సరిగ్గా అంటుకోలేదన్నమాట. ఆ పొగ పట్టిన మాంసం చేదుగా, మసి నాకినట్టు ఉంటుంది. కనిపించీ కనిపించని నీలిపొగ రావాలి. కిరసనాయిలు పోసి వెలిగిస్తే తినేటప్పుడు కూడా ఆ వాసనే. రేకు గొట్టంలో పైన బొగ్గులు పోసి, కింద నలిపిన పేపరు పెట్టి అంటిస్తే పావుగంటలో రాజుకుంటాయి. దానికి నేను మీ పేపరే వాడతాను. ఆదివారం అనుబంధం నున్నటి కాగితం, సరిగ్గా అంటుకోదు, మెయిన్ ఎడిషనే మేలు.

పొగ వాసన కోసం హికరీ అనే అమెరికా చెట్టు చెక్కముక్కలు ఆన్‌లైన్లో తెప్పించుకోమన్న సలహా చదివి నవ్వొచ్చింది. టెక్సాస్‌లో మెస్కీట్ అనే చెట్టు బొగ్గులంటే పెద్ద పేరు, సూపర్‌మార్కెట్లో సంచీల్లో పెట్టి డాలర్లకి అమ్ముతారు. ఆ చెట్టుకి దగ్గరి చుట్టమే మన సర్కారు తుమ్మ. చెరువు గట్లనీ బీడు భూముల్నీ ఆక్రమించిందని మనం తిట్టుకునే ఆ ముళ్ల కంపే. మా ప్రకాశం జిల్లాలో దాన్ని నరికి బొగ్గు కాల్చి బతికేవాళ్లున్నారు. గట్టి బొగ్గు, ఎక్కువసేపు నిలుస్తుంది. వాసన కోసం పైన బాగా ఎండిన జామ కొమ్మో మామిడి కొమ్మో రెండు ముక్కలు వేస్తే చాలు. పెరట్లో ఉంది కదా అని గన్నేరు కొమ్మ మాత్రం పొరపాటున కూడా వేయొద్దు, అది విషం. ప్లైవుడ్డు, రంగులేసిన తలుపుచెక్కలు కూడా పనికిరావు.

మాంసం ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. పొగలో ఉడికిన కోడి లోపల గులాబీ రంగులో ఉండొచ్చు, అది పచ్చిదని కాదు. బయట నల్లగా కాలినట్టున్నది లోపల పచ్చిగా ఉండొచ్చు. పొడుగు ముల్లున్న థర్మామీటర్ కొనుక్కుని, దళసరి చోట ఎముకకి తగలకుండా గుచ్చి చూడాలి. కోడికి 74 డిగ్రీలు రావాలి. మేక తొడకి అంతకన్నా చాలా ఎక్కువ కావాలి, 90 దాటాకే ఎముక నుంచి ఊడొస్తుంది. ఈ మధ్యలో ఒక చిక్కుంది. 65, 70 డిగ్రీల దగ్గర థర్మామీటర్ అంకె గంటల తరబడి కదలదు. మాంసం మీది తడి ఆవిరవుతూ, మట్టికుండ నీళ్లని చల్లబరిచినట్టు, లోపలి వేడిని లాగేస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే టెన్షన్ పడి ఇంకో బుట్ట బొగ్గులు కుమ్మరిస్తారు. అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టేస్తే ఆవిరి ఆగి వేడి మళ్లీ ఎక్కుతుంది. మన మేక మాంసానికి కొవ్వు తక్కువ, ఎండిపోకుండా ఎలాగూ చుట్టాల్సిందే.

మా ఆవిడ శనివారాలు నీచు ముట్టదు. ఆమెకి వేరే జాలీ చేసిచ్చాను, దాని మీద వంకాయలు, టమాటాలు, వెల్లుల్లి పొగబెట్టి పచ్చడి నూరుతుంది. నిజం చెప్పాలంటే మా ఇంటికొచ్చే చుట్టాలు అడిగి తినేది నా మేక తొడ కాదు, ఆ పచ్చడి.

మీ పాఠకుల్లో ఎక్కువమంది అపార్ట్‌మెంట్లలో ఉంటారు, వాళ్లకి ఈ సరదా ఎలా అంటారేమో. బాల్కనీలో మాత్రం వద్దు. అక్కడి పొగ పై అంతస్తు వాళ్ల పడగ్గదిలోకే పోతుంది, ఎగిరిన నిప్పురవ్వ దండెం మీది చీరని అంటుకుంటుంది. అమెరికాలోనే చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో బొగ్గుల గ్రిల్ పెట్టనివ్వరు. అసోసియేషన్ ఒప్పుకుంటే టెర్రస్ మీద, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని చేసుకోవాలి. లేదంటే పెరడున్న స్నేహితుణ్ణి వెతుక్కోవాలి. మా వీధిలో నా స్నేహితుల సంఖ్య ఇలాగే పెరిగింది.

వంట అయిపోయాక సంగతి మీ వ్యాసంలో అసలు లేనే లేదు. రంధ్రాలన్నీ మూసి మూత బిగిస్తే గాలి అందక బొగ్గులు ఆరతాయి, మిగిలినవి మళ్లీ పనికొస్తాయి. కానీ వెంటనే ఆరవు. పైన బూడిద కప్పుకుని లోపల మర్నాటిదాకా కాలుతూనే ఉండొచ్చు. ఆరిపోయిందిలే అని ఆ రాత్రే గ్రిల్‌ని వరండాలోకో స్టోర్ రూములోకో జరిపితే, వాన పడిందని హాల్లోకి తెచ్చినదానికీ దీనికీ తేడా లేదు. బూడిదని ప్లాస్టిక్ చెత్తబుట్టలో కాకుండా మూతున్న ఇనప డబ్బాలో పోసి, పూర్తిగా చల్లబడ్డాకే పారేయాలి.

కాబట్టి ఆ హాలు వాక్యానికి సవరణ వేయండి. లోపలి పేజీలో మూల చిన్న అక్షరాల్లో కాకుండా, అదే అనుబంధంలో, అదే చోట. డిసెంబరు దగ్గరపడుతోంది, చలికి ముడుచుకుని ఇంట్లోనే కొత్త సంవత్సరం పార్టీలు చేసుకునేవాళ్లు ఆ పేజీ కత్తిరించి దాచుకుని ఉంటారు. వేసేటప్పుడు ఆ ఫొటో కూడా మార్చండి. అందులో గ్రిల్ వెనక ఎర్ర రంగు గ్యాస్ సిలిండర్ కనిపిస్తోంది.

– రిటైర్డ్ ఐటీఐ వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్, ఒంగోలు