పాలీన్ హాన్సన్ వార్తని వింత వార్తలా వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆస్ట్రేలియా సెనేటర్ పాలీన్ హాన్సన్ బుర్ఖాని నిషేధించాలంటూ తనే బుర్ఖా వేసుకుని సభకి వచ్చిందని మన పేపర్లలో ఫోటో వేసి నాలుగు లైన్లు రాసి వదిలేస్తారు. 2017లో అంతే, మళ్ళీ 2025 నవంబర్‌లో సస్పెండ్ చేసినప్పుడూ అంతే. ఆవిడ మీద 2016లో ఎస్‌బీఎస్ చానల్‌లో వచ్చిన 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్' డాక్యుమెంటరీ దొరికితే చూడండి, ఇది అలా తేలిగ్గా తీసిపారేసే విషయం కాదని అర్థమవుతుంది.

క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో ఫిష్ అండ్ చిప్స్ షాపు నడుపుకున్న మనిషి ఆవిడ. బొగ్గు గనులు, రైల్వే వర్క్‌షాపుల మీద బతికిన ఊరు, ఆ పనులు పోయాక అక్కడి జనం కోపంగా ఉన్నారు. 1996లో అబోరిజినల్ వాళ్ళకి, అంటే అక్కడి మూలవాసులకి, ఇచ్చే సాయాన్ని తప్పుబడుతూ ఆవిడ పేపర్‌కి ఒక ఉత్తరం రాస్తే, టికెట్ ఇచ్చిన లిబరల్ పార్టీయే వద్దు పొమ్మంది, అయినా గెలిచి పార్లమెంటుకి వెళ్ళింది. సెప్టెంబర్ 10న మొదటి స్పీచ్, కాగితం చూసి చదువుతుంటే గొంతు వణుకుతూనే ఉంది, కానీ ఆసియా వాళ్ళతో దేశం మునిగిపోతుందన్న మాట మాత్రం సూటిగా అనేసింది. వేల ఏళ్ళుగా అక్కడే ఉన్న అబోరిజినల్ వాళ్ళనీ అదే స్పీచ్‌లో వదల్లేదు, మరి ఈ దేశం ఎవరిదని ఆవిడ లెక్క?

టీవీలో జెనోఫోబియా (పరాయి దేశాల వాళ్ళంటే భయం, ద్వేషం) గురించి అడిగితే ఆ మాట అర్థం కాక "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్" అందని చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వారు. తమలాంటి మనిషిని వెక్కిరిస్తున్నారని మిగతావాళ్ళు ఆవిడ వైపు వెళ్ళారు. 1998 క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికల్లో ఆవిడ పెట్టిన వన్ నేషన్ పార్టీకి 89లో 11 సీట్లొచ్చాయి. తర్వాత ఓడిపోయింది, 2003లో జైలుకెళ్ళింది, కేసు కొట్టేశారు, 2016లో నలుగురు సెనేటర్లతో తిరిగొచ్చింది, ఈసారి ఆవిడ గురి ఆసియా వాళ్ళ బదులు ముస్లింలు. ఈ గెలుపోటముల కన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది, శరణార్థులకి టెంపరరీ వీసాలే ఇవ్వాలని 1998లో ఆవిడ అంటే తప్పుబట్టిన అప్పటి ప్రధాని హోవర్డ్ ప్రభుత్వమే మరుసటి ఏడాది అలాంటివే తెచ్చింది. సీటు లేకపోయినా ఆవిడ మాట చట్టమైపోయింది.

ఇప్పుడు ఇది మన ఇంటి విషయం. ఇండియాలో పుట్టినవాళ్ళు ఆస్ట్రేలియాలో 9 లక్షలు దాటారు. 2025 ఆగస్టు 31న వలసలకి వ్యతిరేకంగా 'మార్చ్ ఫర్ ఆస్ట్రేలియా' ర్యాలీలు జరిగాయి, వాటి కరపత్రాల్లో ఇండియన్లని పేరు పెట్టి మరీ రాశారు. ఆ రోజు పిల్లల్ని సిటీ వైపు పంపొద్దని మా మెల్‌బోర్న్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు పెట్టుకున్నాం. అదే గ్రూపులో సిటిజన్‌షిప్ వచ్చేసిన మనవాళ్ళు కొందరు "ఈ స్టూడెంట్స్ మరీ ఎక్కువైపోయారండి, వీసాలు ఆపేయాలి" అంటారు, అది చదివితే కడుపు మండిపోతుంది. ర్యాలీలో తిట్టేవాడు నీ పాస్‌పోర్ట్ చూసి తిడతాడా, నీ మొహం చూసి తిడతాడు కదా.

అద్దెలు పెరగడం నిజం, ఇళ్ళు చాలకపోవడం నిజం, దానికి సమాధానం చెప్పాల్సింది ఇళ్ళు కట్టించని ప్రభుత్వాలు. మెల్‌బోర్న్‌కో సిడ్నీకో పిల్లల్ని పంపుతున్న గుంటూరు, ఖమ్మం తల్లిదండ్రులకి కన్సల్టెన్సీలు ఇవేవీ చెప్పవు. మీరైనా ఆదివారం అనుబంధంలో ఈ చరిత్ర మొత్తం వివరంగా రాయించండి, అక్కడ ఉంటున్న స్టూడెంట్స్‌తో మాట్లాడించి రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మెల్‌బోర్న్