అర్ధరాత్రి నుంచి అందరికీ నీళ్లు బందేనా?

ఎడిటర్ గారికి,

ఆపరేషన్ ఉందంటే చాలు, 'రాత్రి పన్నెండు తర్వాత ఏమీ ముట్టొద్దు' అనడం మన వరంగల్, హనుమకొండల్లో చాలాచోట్ల ఇంకా రివాజే. పొద్దున ఎనిమిదింటి కేసుకూ, మధ్యాహ్నం మూడింటి కేసుకూ ఒకటే మాట. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చిన ముసలివాళ్లు ఎండాకాలంలో పదిహేను గంటలు గొంతు తడవకుండా ఉంటున్నారు. ఇది అన్యాయం.

మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. నియమం అందుకే. కానీ నీళ్లు కడుపులో ఎక్కువసేపు ఆగవు. మత్తుకు 2 గంటల ముందు వరకు మంచినీళ్లు, పాలు లేని టీ తాగొచ్చు. తల్లిపాలకు 4 గంటలు, డబ్బాపాలకు, ఇడ్లీ లాంటి తేలిక తిండికి 6, మాంసానికి, నూనె వంటలకు 8 గంటల ఎడం కావాలి. జావను, మజ్జిగను నీళ్ల కింద లెక్కేయకూడదు. ఇంట్లోవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

ఎక్కువసేపు తిండీ నీళ్లూ లేకుండా ఉంచితే సూదికి నరం దొరకడం కష్టం, తలనొప్పి వస్తుంది, పసిపిల్లలకు షుగర్ పడిపోతుంది. పేగు అడ్డుపడినవాళ్లు, కాన్పు కేసులు, ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లు, అత్యవసర కేసుల సంగతి వేరు. అక్కడ మత్తు డాక్టర్ మాటే వినాలి.

కేస్‌షీట్‌పై 'తిండి ఎన్నింటిదాకా, నీళ్లు ఎన్నింటిదాకా' అని రెండు టైములు విడివిడిగా రాయాలి. కేసు వెనక్కి జరిగితే థియేటర్ నుంచి వార్డుకు వెంటనే ఫోన్ చేసి, డాక్టర్‌ను అడిగి నీళ్లు ఇప్పించాలి.

– ఆపరేషన్ థియేటర్ నర్సులు, హనుమకొండ